నీళ్ళు పోసుకున్న వేసవి

రెండువేల మూడో సంవత్సరం వేసవిలో మా అమ్మ పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, కొంగు బిగించి, ఎక్కడికీ పోకుండా గడప మీద కూర్చునేది. అంతకుముందు ఆమెను అలా ఎన్నడూ చూడలేదు. బెంగుళూరు పక్కన యలహంక పాత ఊళ్ళో నలభై ఏళ్ళు చంటిపిల్లలకు నీళ్ళు పోసిన మనిషి మా అమ్మ ఈరమ్మ. నా చిన్నప్పుడు మా వీధిలో మూడిళ్ళు, వెనక వీధిలో రెండిళ్ళు చూసుకుని, ఎండ ముదిరే వేళకు ఒళ్ళంతా ఆముదం వాసనతో ఇంటికొచ్చేది. ఆ వాసన తగిలితేనే నాకు ఆకలి గుర్తొచ్చేది.

ఆ వేసవికి మా వీధి మొత్తానికి పసిబిడ్డ ఉన్న ఇల్లు ఒక్కటే. పిలుపు రాకపోయేసరికి అమ్మే వెళ్ళి అడిగింది. డాక్టరు నూనె పెట్టవద్దన్నారని, తడిగుడ్డతో తుడిస్తే చాలన్నారని ఆ బిడ్డ తల్లి మర్యాదగానే చెప్పి, కాఫీ ఇచ్చి పంపింది.

"మొదటిదీ ఇదే, కడపటిదీ ఇదేనంట," అంది అమ్మ ఇంటికొచ్చి. "అట్లయితే ముట్టుకునేదానికి బయమే కదప్పా."

పలికే ముఖం నాకు మాత్రం ఎక్కడిది? మా మేఘనకు అప్పటికి ఏడేళ్ళు. దాని వెనక ఇంకొకరు లేరు. మా ఆయన రాజగోపాల్ సాఫ్ట్‌వేరు కంపెనీలకు సుమో తోలేవాడు. నేను గార్మెంట్స్‌లో కాలర్లు కుట్టేదాన్ని. ఒకటి చాలని ఇద్దరం ఎప్పుడో అనుకున్నాం. మా అవ్వ పదకొండు మందిని కన్నది, మా అమ్మ అయిదుగురిని. ఈ సంగతి ఎప్పుడు చెప్పినా మేఘన, "అంతమందీ యాడ పండుకునేవాళ్ళు?" అని ఒకటే ప్రశ్న వేసేది.

సాయంత్రాలు అమ్మ వసారాలో కాళ్ళు బారజాపి కూర్చునేది. పిల్లల్ని బోర్లా వేసుకునే భంగిమ అది, పని లేకపోయినా ఆ కాళ్ళు అలాగే సాగేవి. ఒకరోజు మేఘన సరదాకి ఆ కాళ్ళ మీద బోర్లా పడుకుంటే దాని పాదాలు గడప దాటి లోపలికి వచ్చాయి. నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"బరువు మోసి నొచ్చేవి ఈ కాళ్ళు. ఇప్పుడు బరువు లేక నొస్తాండాయి," అంది. "ఇంకొక్క బిడ్డను ఏసుకుంటే సాకు. నీదయితే ఇంకా మేలు."

సాకు అంటే చాలు అని. మా ఇంట్లో తెలుగు, కన్నడం ఒకే గిన్నెలో కలిపి తినడమే.

ఏప్రిల్ మొదట్లో రాజగోపాల్ మంచి వార్త మోసుకొచ్చాడు. హూడిలో రోజూ అతని బండెక్కే చైతన్య అనే గోదావరి ఆయన, "ఇంట్లో చంటిపిల్ల ఉంది, స్నానం చేయించే మనిషి దొరకడం లేదు," అని ఎవరితోనో ఫోనులో అంటున్నాడట. మా ఆయన ఆగలేదు. బెంగుళూరు మొత్తంలో ఈ పనిలో మా అత్తను మించినవాళ్ళు లేరని చెప్పేశాడు. ఆదివారం తీసుకురమ్మన్నారు.

అమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. ఆముదం సీసా, సున్నిపిండి, సాంబ్రాణి, వస కొమ్ము, ఉతికి ఉతికి మెత్తబడిన పంచె ముక్కలు అన్నీ సంచిలో సర్దింది. వస కొమ్మును రెండుసార్లు తీసి వాసన చూసుకుంది. హెబ్బాళం దాటితే ఆమెకు దిక్కులు తెలియవు కనుక, నాకు సెలవే కనుక, నేనూ వెంట వెళ్ళాను.

మూడో అంతస్తులో తలుపు తీసింది చైతన్య భార్య ఫర్హానా. ఆమెదీ సాఫ్ట్‌వేరే. మా అమ్మ చెప్పులు విప్పుతూనే, "పాప యాడుండాదమ్మా? నీళ్ళు కాగినాయా?" అని అడిగింది.

"ఏ పాప?" అంది ఫర్హానా.

లోపలి గదిలో మంచం మీద తెల్లగా, బొద్దుగా ఒక పెద్దావిడ పడుకుని ఉంది. కుడి పక్క చెయ్యి, కాలు పడిపోయాయి. పేరు బాలాత్రిపురసుందరి. చైతన్య తల్లి. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన ఆవిడను ముద్దుకి చంటిపిల్ల అంటున్నాడని ఫర్హానా చెప్పింది. రాజగోపాల్ గుమ్మంలో నిలబడి తన చెప్పుల వంక చూసుకోవడం మొదలుపెట్టాడు. నాకు సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది. ఇద్దరి మీదా కోపం కూడా వచ్చింది, అలా ముద్దుచేసిన ఆయన మీదా, సగం విని పరిగెత్తుకొచ్చిన మా ఆయన మీదా.

అమ్మ సంచి చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత సంచి గోడకు ఆనించి, మంచం దగ్గరికి వెళ్ళి, ఆవిడ మెడ కింద అరచెయ్యి పెట్టి కొద్దిగా ఎత్తి చూసింది. పసిబిడ్డను మొదటిసారి అందుకున్నప్పుడు ఆమె చేసే పని అదే.

"మెడ నిలిచిండాది," అంది.

పెద్దావిడ సగం మూతితో నవ్వింది. "నిలిచి డెబ్భై ఎనిమిదేళ్ళయింది," అంది. మాట కొంచెం జారుతున్నా స్పష్టంగానే ఉంది.

కాళ్ళ మీద వేసుకోవడం కుదరదు కదా. ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టి, అమ్మ కింద పీట వేసుకుని, ఆవిడ కాళ్ళనే తన ఒడిలోకి తీసుకుంది. గీజరు నీళ్ళను నమ్మక మోచేత్తో మూడుసార్లు చూసింది. మిగతాదంతా మామూలే. ఆముదం రాసింది, సున్నిపిండితో నలిచింది, తల మీద పోసేటప్పుడు కళ్ళలోకి నీళ్ళు పోకుండా నుదుటి మీద అరచెయ్యి అడ్డుపెట్టింది. చివరి చెంబు నీళ్ళు తల చుట్టూ తిప్పి పక్కన పారబోసి, "నూరేండ్లు సల్లగా ఉండు," అనేసింది. నలభై ఏళ్ళ అలవాటు మరి.

"ఇంకా ఇరవై రెండేళ్ళా? మా చైతు ఏమైపోవాలి?" అంది ఆవిడ.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ సుమోలో కిటికీ పక్కన కూర్చుని టిన్ ఫ్యాక్టరీ స్టాపు దాటిందాకా అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూనే ఉంది. తర్వాత తనలో తాను అనుకున్నట్టుగా, "చర్మం అట్లే ఉండాది లక్ష్మీ. అదే మెత్తన. రవంత వదులు, అంతే," అంది.

మే వచ్చేసరికి ఆ అపార్టుమెంటులోనే మా అమ్మకు నాలుగిళ్ళు. నెల్లూరు నుంచి ఒకరు, రాజమండ్రి నుంచి ఒకరు, అందరూ కొడుకులో కూతుళ్ళో ఉద్యోగానికొచ్చి, స్థలం కుదిరాక తెచ్చిపెట్టుకున్న పెద్దవాళ్ళు. పొద్దున రాజగోపాల్ మొదటి ట్రిప్పులో దింపేవాడు, మధ్యాహ్నానికి ఏదో ఒక బండిలో ఎక్కించి పంపేవాడు. అమ్మ మళ్ళీ ఆముదం వాసనతో ఇంటికి రావడం మొదలుపెట్టింది. వసారాలో మాత్రం కాళ్ళు అలాగే చాపుకునేది.

"కాళ్ళ మీద పండేవాళ్ళు పోయినారు, కుర్చీలో కూచునేవాళ్ళు వచ్చినారు," అని మా ఎదురింటావిడతో చెప్పేది.

ఆదివారాలు నేనూ వెళ్ళేదాన్ని. బాలాత్రిపురసుందరమ్మను లేపడానికి ఇద్దరుంటే సులువు. నిజం చెప్పాలంటే ఆవిడ మాటలు వినడం నాకిష్టం. ఊళ్ళో పిల్లల గోల పడలేక తిట్టిపోసేదట. ఇక్కడ కింద ఆడుకునే పిల్లలెవరైనా ఏడిస్తే చాలు, కిటికీ తెరవమనేది. చైతు, ఫర్హానా ఇప్పుడే పిల్లలు వద్దనుకున్నారని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో ఫిర్యాదు లేదు. నాకే ఎందుకో తప్పు చేసినట్టనిపించి, తువ్వాలు కోసం లేచాను.

మే రెండో వారంలో నాకు అనుమానం వచ్చింది. గురువారం నర్సింగ్‌హోమ్‌లో పరీక్ష చేసి రెండో నెల అన్నారు. ఫ్యాక్టరీలో జూన్ నుంచి నన్ను సూపర్‌వైజరును చేస్తామని చెప్పి ఉన్నారు. పదకొండేళ్ళుగా కాలర్లు కుట్టి కుట్టి మెడ వంగిపోయినదాన్ని, ఆ కుర్చీ కోసం ఎంత కాచుకున్నానో నాకే తెలుసు. నాకు ముందు ఆ వరసలో ఉన్న ఎల్లమ్మ కాన్పుకు వెళ్ళి తిరిగొచ్చేసరికి ఆమె మిషను మీద ఇంకొకరు ఉన్నారు. రాజగోపాల్, నేను సుమో ముందు సీట్లలో కూర్చుని అయిదు నిమిషాల్లో తేల్చేశాం. వచ్చే శనివారం. అమ్మకు చెప్పనక్కర్లేదు. చిన్న నిర్ణయం కాదని ఇద్దరికీ తెలుసు, అందుకే అంత తొందరగా తేల్చాం.

ఆ ఆదివారం పొద్దున నాకు కళ్ళు తిరిగి లేవడం ఆలస్యమైంది. అమ్మను బండిలో ముందు పంపించి, నేను స్నానం చేసి బస్సులో వెళ్ళాను. వెళ్ళేసరికి బాలాత్రిపురసుందరమ్మ కుర్చీలో ఉంది. అమ్మ స్నానాలగది గుమ్మంలో కూర్చుని గిన్నెలో సున్నిపిండి కలుపుతోంది. పెద్దావిడ బాగున్న ఎడమ చేత్తో నన్ను దగ్గరకు రమ్మంది. వెళితే నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

"నీళ్ళోసుకున్నావటగా తల్లీ. మీ అమ్మ చెప్పింది. ఎన్నో నెల?"

అమ్మకు తెలిసిపోయిందనుకున్నాను. ఎన్ని కడుపులు చూసిన చేతులు, నా ముఖం చూసి పట్టేసి ఉంటుందనుకున్నాను. దాచి ప్రయోజనం లేదనిపించింది.

"రెండు," అన్నాను.

గిన్నెలో అమ్మ చెయ్యి ఆగింది. ఆమె తల ఎత్తలేదు. కాసేపటికి చెయ్యి మళ్ళీ కదిలింది. పిండి అప్పటికే కలిసిపోయి ఉంది, అయినా కలుపుతూనే ఉంది.

సంగతి నాకు బస్సులో తిరిగి వచ్చేటప్పుడు గాని అర్థం కాలేదు. నేనింకా రాలేదేమని పెద్దావిడ అడిగితే, "మా లక్ష్మి నీళ్ళు పోసుకోని వస్తాదమ్మా," అని అమ్మ చెప్పిందట. మాకు నీళ్ళు పోసుకోవడమంటే స్నానం చేయడం. గోదావరి వాళ్ళకు నీళ్ళోసుకోవడమంటే కడుపు రావడం. అమ్మ చెప్పింది ఒకటి, ఆవిడ విన్నది ఇంకొకటి, ఇద్దరి మధ్యా దూరి నిజం చెప్పినదాన్ని నేను. ఏడవాలో నవ్వాలో తెలియక కె.ఆర్.పురం వంతెన వచ్చిందాకా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. పక్క సీట్లో అమ్మ నా ఒడిలో ఉన్న సంచి తీసి తన ఒడిలో పెట్టుకుంది. బరువు మోయకూడదని.

సోమవారం ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి దండెం మీద అమ్మ పాత నూలు చీరలు రెండు ఆరేసి ఉన్నాయి. మంగళవారానికి అవి చదరాలుగా చినిగి, మడత పడి, చాప మీద దొంతరగా ఉన్నాయి. మేఘన వాటిలో ఒకదాన్ని బొమ్మకు చుట్టి ఆడుకుంటోంది. ఇక ఆగలేకపోయాను. మేఘనను ఎదురింటికి పంపించి, అమ్మ పక్కన కూర్చుని, శనివారం ఆస్పత్రికి వెళుతున్నామని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. ఆమెకు చెప్పనక్కర్లేదు.

అమ్మ చేతిలో ఉన్న గుడ్డను మడత పెట్టడం పూర్తి చేసింది.

"రాజగోపాలూ అదే అంటాండాడా?"

"ఊఁ."

"ఏడ్సినావా?"

"లేదు."

"నేను అయిదుమందినీ అడిగి తెచ్చుకోలేదు, వాళ్ళే వచ్చినారు," అంది నెమ్మదిగా. "రమ్మనేదీ వద్దనేదీ నా చేతిలో లేదు. నీ చేతిలో ఉండాది. అది మంచిదే కదప్పా."

వెటకారం లేదు ఆ మాటలో. నిజంగానే మంచిదనే అంది. అదే నాకు గుచ్చుకుంది. వద్దే, ఆ పని చేయొద్దే అని ఆమె ఒక్కసారి అని ఉంటే నేను ఆగిపోయేదాన్నేమో. అనలేదు. దానికి ఆమె మీద ఇప్పటికీ కోపం ఉంది. ఆ కోపం పక్కనే చెప్పలేనంత కృతజ్ఞత కూడా ఉంది. ఆమె లేచి గుడ్డల దొంతర తీసి ట్రంకుపెట్టెలో పెట్టింది. వాటిని మసిగుడ్డలకు వాడుకోవచ్చు కదా అనుకున్నాను గాని, పైకి అనే ధైర్యం లేకపోయింది.

శనివారం మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయింది. డాక్టరమ్మ మంచిగా మాట్లాడింది, ఎవరూ ఏమీ అనలేదు. రాజగోపాల్ సుమోను గతుకులు తప్పించి ఎంత నెమ్మదిగా నడిపాడంటే వెనక లారీలవాళ్ళు హారన్లు కొట్టారు. ఇంటికొచ్చేసరికి పెరట్లో నీళ్ళ హండే కింద మంట మండుతోంది. అమ్మ ఆ రోజు హూడికి పోలేదు. అతన్ని మేఘనను తీసుకుని బయటికి పొమ్మంది. నన్ను పీట మీద కూర్చోబెట్టింది.

అవి మామూలు నీళ్ళు కావు. బాలింతకు పోసే వేడి. చెంబు తర్వాత చెంబు నడుము మీద, వీపు మీద కొట్టి పోసింది. "వంగు," అనేది. "ఇంకా వంగు." మేఘన పుట్టినప్పుడు పదకొండు రోజులు ఇలాగే పోసింది, అప్పుడు వేడికి తాళలేక అరిచి గోల చేశాను. ఈసారి అరవలేదు.

"అమ్మా, ఇదెందుకే," అన్నాను. "నేనేమైనా కన్నానా?"

"ఒళ్ళుకు ఏమి తెలుస్తాది? దానికి బాణంతివే," అంది.

బాణంతి అంటే బాలింత. ఆ మాట విన్నాక వారం రోజులుగా ఆపుకున్నదంతా వచ్చేసింది. అమ్మ ఆగలేదు. తల మీద నీళ్ళు పోస్తూ, నా నుదుటి మీద అరచెయ్యి అడ్డుపెట్టింది, కళ్ళలోకి నీళ్ళు పోకుండా. కళ్ళలో అప్పటికే నీళ్ళున్నాయి. చివరి చెంబు తల చుట్టూ తిప్పి పారబోసింది గాని, నూరేండ్లు సల్లగా ఉండమని అనలేదు. ఆ మాట పసిబిడ్డలకు చెప్పేది.

జూన్‌లో నాకు సూపర్‌వైజరు కుర్చీ వచ్చింది. రాజగోపాల్ బండి ఇంకో కంపెనీకి మారింది, హూడి వైపు వెళ్ళడం మానేశాడు. హెబ్బాళం దాటితే దిక్కు తెలియని మా అమ్మ రెండు బస్సులు మారి పోయి రావడం నేర్చుకుంది. ఆదివారం నేనూ వస్తానంటే మాత్రం వద్దనేది. "నువ్వు రావద్దులే, నేను సంబాళిస్తాను," అనేది. నా మీద మనసు కష్టపెట్టుకుందనే అనుకున్నాను. ఆమెకు ఆ హక్కు ఉందనిపించి బలవంతం చేయలేదు. డిసెంబరు చివర్లో ట్రంకుపెట్టెలో ఒక వెండి ఉగ్గుగిన్నె కనిపించింది. ఎవరిదని అడిగితే, హూడి అమ్మది, దాచిపెట్టమనిందని చెప్పి, చీరల కిందికి తోసేసింది.

జనవరిలో ఒక ఆదివారం ఒంట్లో జ్వరం పెట్టుకుని, వద్దన్నా వినకుండా పనికి వెళ్ళింది. మనసు ఆగక నేనూ వెనకే బస్సెక్కాను. ఫర్హానా చెవి దగ్గర ఫోను పెట్టుకునే తలుపు తీసింది. నన్ను చూసి ముఖమంతా నవ్వయి, ఖాళీగా ఉన్న చేత్తో ఉయ్యాల ఊపినట్టు ఊపి, కనుబొమలు ఎగరేసింది. నాకు అర్థం కాకపోయినా నవ్వాను. లోపలికి పొమ్మని చూపించి తాను బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

స్నానాలగది తలుపు ఓరగా ఉంది. ఆవిరి బయటికి వస్తోంది.

"పొద్దున నీళ్ళు పోశావా దానికి?" అంటోంది బాలాత్రిపురసుందరమ్మ. ఆవిడ కూడా మా మాట నేర్చేసుకుంది.

"పోసే వచ్చినానమ్మా. మొదట్లో కాళ్ళ మీద ఏసుకుంటే ఏడ్సేది, ఇప్పుడు ఏడ్సదు. వీపు మీద నీళ్ళు పడితే సుమ్మనైపోతాది. సాంబ్రాణి పొగకు తుమ్ముతాది. రెండే తుమ్ములు, మూడోది రాదు."

"తల గుండ్రంగా వస్తోందా?"

"దినమూ ఒత్తుతాండాను కదమ్మా. కుడి పక్క రవంత చప్పిడి ఉన్నింది, సర్దుకునింది. ముక్కు మటుకు మా లక్ష్మిదే."

నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. జూన్ నుంచి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. మూడు, నాలుగు, అయిదు అని ఆవిడ అడిగినప్పుడల్లా అమ్మ చెబుతూ వచ్చి ఉంటుంది. ఆ సంతోషాన్ని ఆవిడ నుంచి లాక్కోవడానికి మొదట నోరు రాలేదేమో. తర్వాత తన నుంచి లాక్కోవడానికే రాలేదు. తొమ్మిది నెలలూ మోసి, డిసెంబరులో కని, రోజూ పొద్దున రెండు బస్సులు మారి ఇక్కడికొచ్చి, మా అమ్మ ఆ బిడ్డకు నీళ్ళు పోస్తోంది.

తలుపు కిర్రుమంది. పెద్దావిడ నన్ను చూసింది.

"వచ్చావా తల్లీ! ఎన్నాళ్ళకు! పాపను ఎవరి దగ్గర వదిలొచ్చావు?"

అమ్మ నా వైపు తిరగలేదు. చెంబు ఆమె చేతిలో పైన అలాగే ఆగిపోయింది. ఆమె మెడ వెనక జుట్టు ఎంత తెల్లబడిపోయిందో నేను ఆ క్షణం దాకా చూడలేదు.

"వాళ్ళక్క దగ్గరమ్మా," అన్నాను. "నిద్రపోతా ఉండాది."

అమ్మ పెద్దావిడ నుదుటి మీద అరచెయ్యి అడ్డుపెట్టి చెంబు వంచింది. నేను వెళ్ళి తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. పని తొందరగా ముగించుకుని ఇంటికి పోవాలనిపించింది, పాప లేస్తుందేమోనని.